వంపుగోడ దగ్గర పెద్దకోడలు

ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నవాళ్ళెవరో గాని, వాళ్ళింట్లో ఇద్దరు కోడళ్ళు ఉండే ఉంటారు. మన కథలో పెద్దకోడలు చెవులు, చిన్నకోడలు కొమ్ములు. ఈ మాట పెద్దకోడలితో ఎవరూ అనలేదు. తనకు తానే అనుకునేది, అన్నం వడ్డించుకుంటూ ఒకసారి, దుప్పటి కప్పుకుంటూ ఇంకోసారి.

పెద్దకోడలు ఆర్కిటెక్టు. ఇళ్ళు, మెట్లు, మందుల దుకాణాలు, ఒక బడికి ప్రహరీ, ఇంకో బడికి మరుగుదొడ్లు, ఇలాంటివి గీసి గీసి వేళ్ళు అరిగాయి గాని, ఇది ఫలానా ఆవిడ చేసిందని నలుగురు ఆగి చూసే పని ఒక్కటీ చేతికి రాలేదు. అలాంటి సమయంలో ఊళ్ళోని కళాసంఘం వాళ్ళు ఆమెను పిలిచి పాడుబడ్డ చర్చి తాళంచెవి చేతిలో పెట్టారు. దాన్ని పాటకూ నాటకానికీ పనికొచ్చే హాలుగా మార్చాలన్నారు.

ఆ చర్చి కప్పు కూలి ఒక తరం దాటింది. ప్రార్థనకు వచ్చేవాళ్ళు వీధికి అవతల కొత్తది కట్టుకుని పాతదాన్ని ఊరికి ఇచ్చేశారు. గుమ్మం మీది రాతి సిలువను మాత్రం కదపొద్దని అడిగారు. లోపల బల్లలు లేవు, గంట లేదు, కిటికీలకు అద్దాలు లేవు. పావురాలున్నాయి, మోకాలెత్తు ముళ్ళకంప ఉంది. గోడలు మాత్రం గట్టివి. ఒకప్పుడు పాదిరిగారు నిలబడి ప్రసంగించిన చోట గోడ అర్ధచంద్రంలా వంగి, పైకి వెళ్ళి తల మీద గొడుగులా మూసుకుంటుంది. దానికి సరిగ్గా ఎదురుగా, హాలుకు ఆ చివర, వెనక గుమ్మం పక్కన అలాంటిదే ఇంకో చిన్న వంపు ఉంది. అందులో రాతి అరుగు ఉంది. పెద్దకోడలు మొదటిరోజు ఆ కంపలో నడిచి వెళ్ళి పెద్ద వంపుగోడ మీద అరచెయ్యి ఆనించి, ఇది నాది అనుకుంది. కాళ్ళకు ముళ్ళు గుచ్చుకున్న సంగతి ఇంటికెళ్ళాక గాని తెలియలేదు.

చిన్నకోడలు సౌండు ఇంజనీరు. ఏ గదిలో మాట ఎంతసేపు మోగుతుందో కొలిచి, ఎక్కడ గుడ్డ కట్టాలో, ఎక్కడ చెక్క బిగించాలో చెబుతుంది. పెద్దకోడలి లెక్కలో అదసలు పనే కాదు.

"కట్టేవాళ్ళు గోడ కడితే, ఆ గోడ ముందు చెవి పెట్టుకుని నిలబడేదానికి కూడా ఒక ఉద్యోగమా?" అంది మొగుడితో.

"మీ ఇద్దరి మధ్యలోకి నన్ను లాగకు" అన్నాడు మొగుడు, పేపరులోంచి తలెత్తకుండా. ఆ ఇంటి అన్నదమ్ములిద్దరూ ఆ ఒక్క వాక్యం పెట్టుకునే కాపురాలు నెట్టుకొస్తున్నారు.

అయితే మంట పుట్టింది పని దగ్గర కాదు. ఇంట్లో, అత్తగారి గది గుమ్మంలో పుట్టింది.

అత్తగారు ఒకప్పుడు బడిలో పిల్లలకు పాటలు నేర్పిన మనిషి. ఇప్పుడు చెవులు మందగించాయి. చెవి మిషను కొనిపెడితే, అది తనకంటే ఎక్కువ పాడుతోందని సొరుగులో పడేసింది. పెద్దకోడలు పని నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా, చెప్పులు విప్పుతూ, సంచీ దింపుతూ, గుమ్మంలోంచే "భోంచేశారా అత్తయ్యా?" అని అడిగేది. అత్తగారు ఆమె మొహంలోకి ఒకసారి చూసేది. ఆ తర్వాత పక్కనున్న చిన్నకోడలి వైపు తిరిగి, "ఏమంటోందే పెద్దది?" అనేది.

"భోంచేశారా అని అడుగుతోంది అత్తయ్యా" అనేది చిన్నకోడలు. అవే మాటలు, అదే వరస. అత్తగారికి ఠక్కున వినపడేది.

"ఆఁ, తిన్నాను." ఆ జవాబు కూడా చిన్నదానికే.

పెద్దకోడలు గొంతు పెంచి చూసింది. ఎంత పెంచితే అత్తగారి మొహం అంత ముడుచుకునేది. చిన్నకోడలు గొంతు పెంచదు. దగ్గరికెళ్ళి, ఎదురుగా కూచుని, గొంతు తగ్గించి నింపాదిగా చెబుతుంది. అది ఆమెకు వృత్తి నేర్పిన కిటుకు. పెద్దకోడలికి మాత్రం అందులో ఏదో మందు పెట్టినట్టే కనిపించేది. ఈ ఇంటికి ముందొచ్చింది తను. మోకాళ్ళ నొప్పులకు ఆసుపత్రుల చుట్టూ తిప్పింది తను. అత్తగారి గదికి వెలుతురు చాలదని గోడ పగలగొట్టించి కిటికీ పెట్టించింది తను. ఆ కిటికీ దగ్గర కూచుని ఇద్దరూ నవ్వుకుంటుంటే, కడుపు మండక ఏం చేస్తుంది?

కళాసంఘం అధ్యక్షుడికి ఊళ్ళో చప్పట్లాయన అని పేరు. ఎవరు ఏం మాట్లాడినా ముగించకముందే చప్పట్లు మొదలుపెడతాడు. ఆయన ఒకరోజు పెద్దకోడలి ఆఫీసుకు వచ్చాడు.

"మీ తోడికోడలు సౌండు ఇంజనీరటగా. ఇంట్లో మనిషిని పెట్టుకుని ఊరంతా వెతకడమెందుకమ్మా? పిలిచాను. ఒప్పుకుంది."

"మంచిదేనండీ" అంది పెద్దకోడలు. మింగలేకా కక్కలేకా నవ్వితే మొహం ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె మొహం. ఆయన చప్పట్లు కొట్టి వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఆమె గీసిన మొదటి డ్రాయింగులో హాలు పక్కగోడలకూ పెద్ద వంపుగోడకూ నిలువునా మందపాటి తెరలున్నాయి. పని మొదలై, రాళ్ళ మీది పాచీ మసీ గీకించేసరికి, లోపల్నుంచి పసుపు ఛాయ రాయి బయటపడింది. సాయంత్రం ఎండ పడితే గోడ మొత్తం వెచ్చగా మెరిసేది. దాన్ని గుడ్డతో కప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. తెరలు కొట్టేసి ఇంకో డ్రాయింగు గీసింది. చూడ్డానికి బాగుందని సంఘం వాళ్ళు సరేనన్నారు. చిన్నకోడలి దగ్గరున్నది పాత డ్రాయింగు. కొత్తది పంపాలి. ఒకే ఇంట్లో ఉంటూ, మెట్లు దిగి చేతిలో పెడితే అయిపోయే పని. రేపిద్దాంలే అనుకుంది. ఆ రేపు రాలేదు.

కొలతలు తీసే రోజు వచ్చింది. అప్పటికి కొత్త కప్పు వేశారు. రాళ్ళ సందుల్లో సున్నం కూరి, అది పగుళ్ళివ్వకుండా మెల్లిగా ఆరడానికి గోడల నిండా తడి గోనెపట్టాలు వేలాడదీశారు. హాలంతా పచ్చి సున్నం వాసన, నేలంతా తడి. చిన్నకోడలు ఒక కొలిచే పెట్టె, ఒక సంచీ నిండా రబ్బరు బుడగలూ పట్టుకుని వచ్చింది. బుడగ పేల్చి, ఆ చప్పుడు ఎంతసేపటికి చస్తుందో పెట్టెతో కొలవడం వాళ్ళ పద్ధతి.

ఆమె వెనకాలే, చెయ్యి పట్టుకుని, అత్తగారు.

పెద్దకోడలి చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. ఒకసారి వచ్చి నా పని చూడండి అత్తయ్యా అని ఎన్ని నెలలుగా బతిమాలిందో ఆమెకే తెలుసు. ఆ మాట కూడా చిన్నకోడలి చేత చెప్పించుకోవాల్సి వచ్చింది. మోకాళ్ళే తల్లీ, అన్నది జవాబు. ఇవాళ ఆ మోకాళ్ళు ఎక్కడికి పోయాయో.

"బుడగలు పేలుస్తారట కదే" అంది అత్తగారు, చిన్నపిల్లలా.

మొదటి బుడగ ఆవిడ చేతికే ఇచ్చింది చిన్నకోడలు. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని సూది గుచ్చింది. బుడగ ఢామ్మని పేలింది. ఆవిడ కళ్ళు తెరిచి, "ఇది నాక్కూడా వినపడిందే" అంది. మేస్త్రీ నవ్వాడు, కూలీలు నవ్వారు. చప్పట్లాయన సరేసరి. హాలు హాలంతా ఆవిడ చుట్టూ మూగింది. తన గోడల వైపు చూసిన కన్ను ఒక్కటి లేదు. చూసినా గోనెపట్టాలే కనపడతాయనుకోండి. అసూయకు ఆ లెక్కలు అక్కర్లేదు.

చిన్నకోడలు ఒక పట్టా మీద చెయ్యేసి మందం చూసింది.

"అక్కా, ఇవి తీసేశాక డ్రాయింగులో ఉన్న తెరలొస్తాయి కదా? ఇంచుమించు ఇవీ అవీ ఒకలాగే చప్పుడు పీల్చుకుంటాయి. తెరలుంటే ఈ కొలత చాలు. లేవంటే చెప్పు, గోడ ఆరాక మళ్ళీ వచ్చి తీస్తాను."

పెద్దకోడలు చెప్పడానికి నోరు తెరిచింది కూడా. నిజం నాలుక దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి అత్తగారు, "చిన్నదానా, ఇంకో బుడగ ఇయ్యవే" అంది.

"తెరలుంటాయి" అంది పెద్దకోడలు. "మళ్ళీ రానక్కర్లేదు."

చిన్నకోడలు పెట్టెలోని అంకెలు చూసి, హాలు చక్కగా ఉంది, ఇంకేమీ చెయ్యక్కర్లేదు అని తేల్చింది. అందరూ ఆమెనే మెచ్చుకున్నారు. కట్టింది ఒకరు, బాగుందనిపించుకుంది ఒకరు.

సున్నం ఆరింది, గోనెపట్టాలు దిగాయి. పసుపు గోడలు నగ్నంగా, అందంగా బయటికొచ్చాయి. ఆరోజే నిచ్చెన మీదున్న కూలీ చేతిలోంచి సుత్తి జారి నేల మీద పడింది. ఆ చప్పుడు పక్కగోడకు తగిలి, ఎదుటిగోడకు తగిలి, వంపుగోడలోకి వెళ్ళి తిరిగొచ్చి, ఇక ఆగిందిలే అనుకున్నాక కూడా కప్పు కింద ఎక్కడో తిరుగుతూనే ఉంది. అందరూ పైకి చూశారు.

"ఇక్కడ దగ్గితే పక్క వీధి వాళ్ళు ఒంట్లో బాగుందా అని అడిగేట్టున్నారమ్మా" అన్నాడు మేస్త్రీ.

"కుర్చీలు పడి జనం నిండితే సర్దుకుంటుందిలే" అంది పెద్దకోడలు. ఆ మాట మేస్త్రీకి చెప్పిందో తనకే చెప్పుకుందో. జనం నిండితే కొంత తగ్గుతుందన్నది అబద్ధం కాదు. కానీ ఎంత తగ్గుతుందో ఆమెకు తెలియదు. తెలిసిన మనిషి కింది గదిలోనే ఉంది. వెళ్ళి అడిగితే చాలు.

అడగలేదు. రోజూ రాత్రి మెట్ల దాకా వచ్చేది. కింద నుంచి అత్తగారి నవ్వు వినపడేది, వెనక్కి తిరిగేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అందరి ముందూ దాని లెక్క తప్పాలి అనుకునేది. తప్పితే మునిగేది తన హాలేనని తెలుసు. ఎదుటివాడికి అపశకునం కావాలని ముక్కు కోసుకున్న వాడి కథ చిన్నప్పుడు విని నవ్విన మనిషే. ఇప్పుడు అద్దంలో ముక్కు తడిమి చూసుకుంటోంది.

హాలు తెరవడానికి వారం ఉందనగా పాటగాళ్ళ బృందాన్ని పిలిచి వినిపించుకున్నారు. ఊళ్ళో పెద్దలు కొందరు వచ్చారు. అత్తగారిని కూడా తీసుకొచ్చారు. చల్లగా ఉంటుందని ఆవిడను వెనక గుమ్మం పక్కన, చిన్న వంపులోని రాతి అరుగు మీద కూచోబెట్టారు. చిన్నకోడలు లోపలికి అడుగుపెట్టి, పక్కగోడల వైపు ఒకసారి చూసింది. ఆ చూపును పెద్దకోడలు చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటారే, ఆమె చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది.

పాట మొదలైంది. మొదటి మాట బాగానే వినపడింది. రెండో మాట వచ్చేసరికి మొదటిది ఇంకా పోలేదు. మూడోది వచ్చి ఆ రెండింటి మీదా పడింది. చరణం పూర్తయ్యేసరికి వంటింట్లో గిన్నెల దొంతర జారినట్టుంది. పాడేవాళ్ళు ఒకళ్ళ గొంతు ఒకళ్ళకు అందక మొహాలు చూసుకున్నారు. బృందం పెద్దాయన చెయ్యెత్తి ఆపేశాడు. ఆపాక కూడా పాట కాసేపు సాగింది.

చప్పట్లాయన చేతులు ఎత్తాడు గాని కలపలేదు. ఆయన చప్పట్లు కొట్టని సభ ఊళ్ళో అదే మొదటిది.

"ఏమ్మా" అన్నాడు చిన్నకోడలితో, "చప్పుడు లెక్క చూసింది నువ్వే కదా. చక్కగా ఉందన్నావు."

పెద్దకోడలు ఇన్నాళ్ళూ ఎదురుచూసిన నిమిషం ఇదే.

"నేనేనండీ" అంది చిన్నకోడలు. "నా లెక్క తప్పింది."

"తప్పిందంటే ఎలాగమ్మా? వారంలో జనం వస్తారు. ఈవిడ ఇంత అందంగా గోడలు నిలబెట్టి ఇస్తే, చేజేతులా..." ఆయన ఇంకా ఏదో అన్నాడు, పెద్దలు తలలూపారు. చిన్నకోడలు తలవంచుకుని విన్నది. అందరూ గొణుక్కుంటూ బయటికి వెళ్ళిపోయారు. వాళ్ళ గొణుగుడు వాళ్ళు వెళ్ళాక కూడా హాల్లో కాసేపు ఉంది.

పెద్దకోడలికి సంతోషం రావాలి. వెతుక్కుంది. నోట్లో చేదు తప్ప ఏమీ దొరకలేదు.

ఇద్దరే మిగిలారు, వేదిక మీద, పెద్ద వంపుగోడ ముందు. అత్తగారు ఆ చివర అరుగు మీద కర్ర ఆనించుకుని కూచునుంది. అంత దూరానికి, అందులోనూ ఆ చెవులకు, ఇక్కడి మాట ఏం వినపడుతుంది?

"నీకు తెలుసు" అంది పెద్దకోడలు.

"ఏం తెలుసు?"

"తెరలు లేవని. రాగానే చూశావు. ఆయన అడిగినప్పుడు చెప్పొచ్చు కదా."

చిన్నకోడలు పెట్టె వైరును మోచేతికి చుట్టుకుంటూ, "చెబితే ఏమవుతుంది? నిన్నంటారు" అంది. "ఇది నీ హాలక్కా. నేను నాలుగు బుడగలు పేల్చిపోయేదాన్ని. ఇది కాకపోతే నాకు ఇంకోటి. నీకు మళ్ళీ ఇలాంటిది ఎప్పుడొస్తుందో. పని హడావిడిలో చెప్పడం మర్చిపోయుంటావు, అంతేగా."

తిట్టినా బాగుండేది. జుట్టు పట్టుకున్నా బాగుండేది. అత్తగారి చెవి దానిదే, అందరి మెప్పూ దానిదే. ఇప్పుడు ఈ మంచితనం కూడా దాని పళ్ళెంలోనే పడింది. పెద్దకోడలికి ఒళ్ళు తెలియలేదు.

"నువ్వేం నన్ను కాపాడక్కర్లేదు. నేనేం మర్చిపోలేదు. తెరలు కొట్టేశానని తెలిసే ఉంటాయన్నాను. నీ లెక్క తప్పాలని. అందరి ముందూ నువ్వు తల దించుకోవాలని. చాలా?"

చిన్నకోడలి చేతిలో వైరు ఆగిపోయింది. "ఎందుకక్కా?"

"ఆవిడ నా మాట వినదు గనక. నేనడిగితే నీ మొహం చూస్తుంది గనక. నేను కట్టిన గోడ చూడ్డానికి రాని మోకాళ్ళు నీ బుడగ కోసం పరిగెత్తుకొచ్చాయి. అన్నం తిన్నారా అని అడగడానికి కూడా నాకు మధ్యలో నువ్వుండాలి. నేను ఆ ఇంట్లో ఉన్నానో పోయానో ఆవిడకి నువ్వు చెబితే గాని తెలీదు."

"పెద్దదానా."

ఆ పిలుపు చెవి పక్కనే వినపడింది. పెద్దకోడలు గిరుక్కున తిరిగింది. వెనక ఎవరూ లేరు, రాయి ఉంది. గోడలకు చెవులుంటాయంటారు గాని, నోరుంటుందని ఎవరూ చెప్పలేదు. తిరిగి చూస్తే, హాలుకు ఆ చివర అరుగు మీద, అత్తగారు నిటారుగా కూచునుంది.

చిన్నకోడలు ఒక వంపు వైపు చూసింది, ఎదుటి వంపు వైపు చూసింది. "ఇక్కడి మాట అక్కడికీ, అక్కడి మాట ఇక్కడికీ పోతోంది" అంది మెల్లిగా. అంతటి గొడవలోనూ ఆమె కళ్ళు మెరిశాయి. వృత్తి అలాంటిది.

"అంతా వినపడిందే" అంది అత్తగారు. "మొదట్నుంచీ."

పెద్దకోడలు గోడ దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

"నువ్వు మా ఇంటికొచ్చాక నీ మాట ఇంత తేటగా వినడం ఇదే. వినక వినక ఇదా విన్నాను?"

నేల చీలితే బాగుండునన్న మాట ఎందుకు పుట్టిందో పెద్దకోడలికి ఆరోజు తెలిసింది. అత్తగారు మళ్ళీ అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"నీ గొంతు మరీ సన్నం. నా చెవి దాకా రాకముందే ఎటో పోతుంది. గుమ్మంలో నిలబడి ఏదో అంటావు. పెదాలు కదలడం కనపడుతుంది. ఏమందో తెలీదు. తెలుసుకుందామనే కదే దాన్ని అడిగేది. నాకు పట్టనిదానివైతే ఎందుకడుగుతాను?"

ఏమంటోందే పెద్దది? ఇన్నేళ్ళుగా ఆ మాట విన్నప్పుడల్లా చెంపదెబ్బలా దాచుకుంది పెద్దకోడలు. అది ఒక ముసలావిడ తన మాట కోసం చాపిన చెయ్యి అని ఒక్కసారీ తోచలేదు. వేదిక మెట్టు మీద కూలబడింది. చిన్నకోడలు వైరు కింద పెట్టి వచ్చి పక్కన కూచుంది. ఎవరు ఏమన్నా గోడ చేరవేస్తుందని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే పెద్దకోడలు చప్పట్లాయన ఇంటికి వెళ్ళింది.

"లెక్క తప్పలేదండీ. తెరలు తీసేశానని ఆమెకు చెప్పకుండా దాచింది నేను. కావాలనే దాచాను" అంది.

ఆయన అలవాటు కొద్దీ చేతులు కలపబోయి, ఆ మాటకు చప్పట్లు కొట్టకూడదని గుర్తొచ్చి ఆగిపోయాడు. "మరిప్పుడు?"

"గోడలు కప్పేస్తాను."

ఆ మాట ఊళ్ళో పాకింది. సంఘంలో ఒకరిద్దరు ఆమెను చూసి మాట మార్చారు. తర్వాతి పని ఆమెకు ఇవ్వాలా వద్దా అన్న చర్చ కూడా వచ్చిందట. ఆమె ఎవరితోనూ వాదించలేదు. దుప్పటి మందాన నేసిన గుడ్డ తెప్పించి, చిన్నకోడలు చెప్పిన కొలతలకు తెరలు కుట్టించింది. ఒక్కో తెర వేలాడుతుంటే ఆ పసుపు రాయి ఒక్కో పట్టీ కనుమరుగైంది. మనకు తెలిసిన మనిషే కదా, అప్పుడు కూడా ఒకసారి అనుకుంది, చివరికి నా గోడ మీద దాని గుడ్డే గెలిచిందని.

ఆఖరికి పెద్ద వంపుగోడ ఒక్కటే మిగిలింది. చిన్నకోడలు నిచ్చెనెక్కి, పై కమ్మీకి తెర తగిలించి, మడత చేత్తో పట్టుకుని ఆగింది.

"అక్కా, ఈ వంపును కప్పకపోతే పాటంతా పోయి ఒకేచోట కుప్ప పడుతుంది. వేరే దారి చూశాను. దొరకలేదు."

"తెలుసు" అంది పెద్దకోడలు. ఇది కప్పేస్తే ఇంకేం పోతుందో కూడా ఆమెకు తెలుసు.

"ఆగండే." మాట గోడలోంచి వచ్చింది. అత్తగారు ఎప్పుడొచ్చిందో, వెనక అరుగు మీద కూచునుంది. "కప్పకముందు ఇంకో మాట చెప్పవే పెద్దదానా. ఇంకేదైనా."

పెద్దకోడలు గోడకు దగ్గరగా జరిగింది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. తప్పయిందని చెప్పాలి. కిటికీ సంగతి చెప్పాలి. మెట్ల దాకా వచ్చి వెనక్కి పోయిన రాత్రుల సంగతి చెప్పాలి. చివరికి గొంతు పెంచకుండా, నింపాదిగా, రోజూ అడిగేదే అడిగింది.

"భోంచేశారా అత్తయ్యా?"

"ఆఁ, తిన్నాను" అంది అత్తగారు. "తిననిది నువ్వే. పొద్దుట్నుంచీ ఆ నిచ్చెన చుట్టూనే తిరుగుతున్నావు."

మధ్యలో ఎవరూ లేరు. పెద్దకోడలు ఆ మాటను కాసేపు అలాగే ఉంచుకుంది. తర్వాత, పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది, ఓరకంట నిచ్చెన మీదికి చూసింది, చిన్నది విన్నదా లేదా అని.

చిన్నకోడలు తెర పట్టుకుని, ఏమీ విననట్టు కప్పు వైపు చూస్తోంది. ఆ మర్యాదకు కూడా పెద్దకోడలికి కొంచెం ఒళ్ళు మండింది.

"ఇంక వదులు" అంది.

తెర జారి గోడను కప్పేసింది.